రంగులింటి పాప

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు వీళ్ళు. లోపలి గదిలో మంచం మీద అక్క, అక్క పక్కలో పుట్టి వారమైనా కాని పాప. వసారాలో పీట మీద కూర్చుని నూలు పోగుల కట్టలైన చిలపల చిక్కు తీస్తున్న అత్తయ్య, అంటే అక్క అత్తగారు. పెరట్లో రంగు తొట్టి మీదకి వంగి బావ. తొట్టి కింద పొయ్యిలోకి కట్టెలు తోస్తూ, తోసిన ప్రతిసారీ దగ్గుతూ, అందరూ బొగ్గు తాత అని పిలిచే ముసలి పనివాడు. కుళాయి దగ్గర పాప గుడ్డలు ఉతుకుతూ చెల్లి. అక్క పురుడికి సాయంగా వచ్చి, వచ్చిన మర్నాటి నుంచీ రంగు పనికి కూడా సాయమైపోయిన పిల్ల.

ఇంతమంది ఉన్నారు. ఇంతమందీ ఆ మరకని చూశారు. ఒక్కరూ భయపడలేదు.

భయపడకపోవడానికి కారణం ఉంది. అది నూలుకి రంగు వేసే ఇల్లు. ఎరుపు లేని చోటంటూ ఆ ఇంట్లో లేదు. తలుపు రెక్కల మీద ఎర్రటి వేళ్ళ ముద్రలు. మంచినీళ్ళ గ్లాసు అంచున ఎరుపు. స్విచ్చు చుట్టూ ఎరుపు. బావ చెవి వెనక, గోక్కున్న చోటల్లా ఎరుపు. కొత్తగా కొన్న దుప్పటి కూడా రెండు రోజులు తెల్లగా ఉండి, మూడో రోజుకి ఇంట్లో మనిషైపోయేది. అలాంటి ఇంట్లో పాప బొడ్డు మీద వేసిన గుడ్డకి చొక్కా గుండీ అంత ఎర్రటి మరక కనిపిస్తే, అది రంగు కాక మరేమవుతుంది?

"ఎవరే పిల్లని తడిచేత్తో ఎత్తుకున్నది?" అంది అత్తయ్య.

అత్తయ్య చూపు ఒక్కొక్కరి చేతులనీ దాటుకుంటూ వచ్చి చెల్లి చేతుల దగ్గర ఆగింది. చెల్లి చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. పొద్దున్న రబ్బరు తొడుగులు చిరిగిపోతే, తొడుగుల్లేకుండానే చిలపలు తిప్పింది.

"ఇంకెవరు! చూడు, చూడు, ఆ చేతులు చూడు. ఏమ్మా, రంగంటే పన్నీరనుకున్నావా? సోడా ఉంటుంది, ఉప్పుంటుంది, నానా చెత్తా ఉంటుంది. పచ్చి బొడ్డుకి తగిలితే ఏమవుతుంది? మీ అమ్మ ఇదే నేర్పిందా?"

చెల్లి పొద్దున్నించీ పాపని ముట్టుకోలేదు. ఆ మాటే చెబుదామనుకుంది. కానీ ఆమెకి మాట తేలిగ్గా వచ్చేది కాదు. గొంతు దాకా వచ్చి, అక్కడ కాసేపు నిలబడి, ఎవరైనా గట్టిగా చూస్తే చాలు వెనక్కి వెళ్ళిపోయేది.

"ఊరుకో అమ్మా, మా రేడియో పలకదు," అన్నాడు బావ, కర్రతో చిలపని పైకి లేపి నీళ్ళు కారనిస్తూ. "బ్యాటరీలు వేయకుండానే పంపారు వాళ్ళింట్లో."

బొగ్గు తాత నవ్వబోయి దగ్గాడు. చెల్లికి రేడియో అనే పేరు బావ పెట్టిందే. చెల్లి తల ఇంకా కిందికి వంచి గుడ్డని పిండింది.

"నవ్వులాట కాదు. ఇవాళ్టి నుంచి నువ్వు పిల్ల జోలికి రాకు," అంది అత్తయ్య. "గుడ్డలు ఉతుకు, తొట్టి దగ్గర ఉండు. గదిలో అడుగు పెట్టావంటే కాళ్ళు విరగ్గొడతాను."

ఆవిడ చెడ్డది కాదు. పాపకి స్నానం చేయించేటప్పుడు నీళ్ళ వేడి తన బుగ్గ మీద చూసుకునేది. ఆ పాప కోసమే కొత్త సబ్బు బిళ్ళ దాచి, ఎవరూ వాడకుండా తన పెట్టెలో పెట్టుకుంది. కోడలు ఆసుపత్రికి వెళ్తుంటే వీధి గుమ్మం దాకా వచ్చి, "పుట్టగానే వేసే సూదులన్నీ వేయించుకునే రండి. ఒక్కటి తగ్గినా ఊరుకోను," అని చెప్పి పంపింది. ఆవిడ మాటంటే ఆ ఇంట్లో రంగు లాంటిది. ఒకసారి పట్టుకుంటే వదలదు.

అందుకే అక్కకి భయం.

మధ్యాహ్నం అందరూ భోజనం చేసి నడుం వాల్చాక, అక్క కిటికీ ఊచల్లోంచి చెల్లిని పిలిచింది.

"ఏడ్చావా?"

చెల్లి తల అడ్డంగా ఊపింది.

"పోనీలేవే. ఆవిడ నోరు అంతే. అరిచినంతసేపు అరిచి మర్చిపోతుంది." అక్క గొంతు తగ్గించింది. "కానీ ఆ సూది సంగతి మాత్రం నోరు జారకు. తెలిసిందంటే నన్ను బతకనివ్వదు."

చెల్లికి ఆ సూది సంగతి తెలుసు. పాప పుట్టిన రోజు ఆసుపత్రిలో అక్క పక్కనే ఉన్నది తనే. పాప చాలాసేపు ఏడ్చి ఏడ్చి, చివరికి రొమ్ము మీద నోరు పెట్టుకునే నిద్రపోయింది. అప్పుడే నర్సు చిన్న పళ్ళెంలో సూది పట్టుకుని వచ్చింది. అక్క అరచేత్తో పాప తొడ కప్పేసింది. "ఇప్పుడే పడుకుందండీ. కాసేపాగి రండి, మీకు పుణ్యం ఉంటుంది," అంది. నర్సు కూడా అలిసిపోయి ఉంది. సరేనంటూ వెళ్ళింది. ఆ తర్వాత ఆమె డ్యూటీ అయిపోయింది. వచ్చిన ఇంకో నర్సు అడగలేదు, అక్క చెప్పలేదు. ఇంటికొచ్చాక అత్తయ్య గుమ్మంలోనే అడిగింది, అన్నీ వేశారా అని. అక్క అన్నీ వేశారత్తయ్యా అంది. అంత చిన్న అబద్ధం. ఒక మాట పడకుండా గడప దాటడానికి.

"ఎలాగూ టీకాలకి వెళ్తాం కదా, అప్పుడు వేయించేద్దాం," అంది అక్క. "ఏమంటావు?"

చెల్లి ఊఁ అంది. అక్క ఊచల్లోంచి చెయ్యి బయటికి పెట్టి చెల్లి ముక్కు పట్టుకుని లాగింది. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటే. చెల్లి మొహంలో ఆ రోజు వచ్చిన ఒకే ఒక్క నవ్వు అప్పుడు వచ్చింది.

మర్నాడు చెల్లి గదిలోకి వెళ్ళలేదు. పాపని గుడ్డల్లోనే చూసింది.

గుడ్డలు ఉతికే మనిషికి గుడ్డలు చాలా చెబుతాయి. నిన్నటికి పాప విరేచనం పచ్చగా మారింది. నల్లటిది పోయి పచ్చగా వచ్చిందంటే పాలు బాగా పడుతున్నట్టే అని అత్తయ్యే సంతోషపడింది. ఈ రోజు మళ్ళీ నల్లగా వచ్చింది. జిగటగా, తారు పూసినట్టు. చెల్లి ఆ గుడ్డని వసారాలోకి తీసుకెళ్ళి అత్తయ్య ముందు చాపింది.

"ఏంటి?"

చెల్లి వేలితో చూపించింది.

"పుట్టిన పిల్లలకి నల్లగానే వెళ్తుంది. మా వాడు పుట్టినప్పుడూ అంతే. తీసుకెళ్ళు, తీసుకెళ్ళు, నూలుకి అంటుకుంటుంది."

నిన్న పచ్చగా వచ్చింది కదా అత్తయ్యా అనే మాట గొంతు దాకా వచ్చింది. అప్పటికే అత్తయ్య చిక్కుపడ్డ పోగుని పళ్ళతో కొరుకుతోంది. చెల్లి గుడ్డ మడిచి వెనక్కి తెచ్చుకుంది.

సాయంత్రం పాప ముక్కు కింద సన్నగా ఎర్రటి గీత కనిపించింది. ఈసారి అక్క తనే కారణం చెప్పింది. రొమ్ము మొన పగిలిందట, పాలతో పాటు ఆ రక్తం కాస్త పాప మింగి కక్కిందట. నిజంగానే పగిలింది కూడా. అత్తయ్య నెయ్యి వేడిచేసి ఇచ్చింది రాసుకోమని. బొడ్డు దగ్గర మరక మాత్రం మళ్ళీ వచ్చింది. నిన్నటికంటే పెద్దది.

"ఈ గదిలోకి రాకపోయినా దీని రంగు వస్తోంది చూశావా!" అంది అత్తయ్య, చెల్లి వైపు తిరిగి. "ఉతికిన గుడ్డల్లో ఉంటోంది రంగు. నీ చేతులతో ఉతికితే ఇంకేం వస్తుంది? రెండుసార్లు జాడించి ఆరెయ్యి."

చెల్లి మూడుసార్లు జాడించింది. తన చేతులు ముందు సబ్బుతో, తర్వాత బూడిదతో రుద్దుకుంది. వేళ్ళ సందుల్లో చర్మం మండింది. ఎరుపు పోలేదు. దాంతో ఆమెకే అనుమానం వచ్చింది, నిజంగా తన చేతుల రంగేనేమోనని. తెలియకుండా తనే పాపకి ఏదో చేస్తోందేమోనని. రాత్రి చేతులు పొట్ట కింద పెట్టుకుని పడుకుంది.

ఆ తర్వాతి రోజు పని మారింది. దుకాణం నుంచి నీలం కావాలని కబురొచ్చింది. బావ ఎర్ర తొట్టిని బోర్లించి, ఇసుకతో తోమి, కొత్త నీళ్ళు పోశాడు. నీలం పొడి కలిపాడు. మధ్యాహ్నానికల్లా అందరి చేతులూ నీలమైపోయాయి. చెల్లి చేతుల మీదున్న పాత ఎరుపుని కూడా నీలం కప్పేసి, ముదురు నీలం చేసింది.

"ఇవాళ రేడియోకి కొత్త స్టేషన్ దొరికింది," అన్నాడు బావ. "నీలం స్టేషన్. తాతా, విన్నావా?"

"నాకు నీ రేడియోలు వినపడవు బాబూ. నీ పొయ్యి ఒక్కటే వినపడుతుంది," అన్నాడు బొగ్గు తాత.

చెల్లి పాప గుడ్డల తట్ట తెచ్చుకుని కుళాయి దగ్గర కూర్చుంది. పైన ఉన్నది బొడ్డు గుడ్డ. పొద్దున్న తనే మడిచి కిటికీలోంచి అక్కకి అందించిన ఉతికిన గుడ్డ. విప్పింది. అరచెయ్యంత మరక. నడిమధ్యన ఇంకా తడిగా, ఎర్రగా ఉంది. అంచులు అప్పుడే ఎండి, గోధుమ రంగులోకి తిరిగి, గంజి పెట్టినట్టు బిరుసెక్కాయి.

చెల్లి ఆ గుడ్డ పట్టుకుని అలాగే ఉండిపోయింది. రంగు ఎండితే ముదురుతుంది గానీ గోధుమ రంగులోకి తిరగదు. గుడ్డని బిరుసు చేయదు. ఇది ఆ ఇంట్లో అందరికీ తెలిసిందే. చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. చూడడమే ఎవరూ చేయలేదు, తనతో సహా.

లేచింది. కుళాయి కట్టలేదు. గుడ్డ పట్టుకుని, నిషేధించిన గది దాకా నడిచి, గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. అత్తయ్య పాపని ఒళ్ళో పెట్టుకుని ఉంది. అక్క కళ్ళు మూసుకుని పడుకుంది.

"నిన్ను రావద్దన్నానా!" అంది అత్తయ్య. "ఇదుగో, ఇది చూడు, మళ్ళీ మరక. నీ చేతులు..."

"అత్తయ్యా," అంది చెల్లి. తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది. రెండు చేతులూ ముందుకి చాపింది. "నా చేతులు నీలం. మీవీ నీలమే. బావవీ నీలమే. ఇవాళ ఇంట్లో తడి ఎరుపు లేదు."

అత్తయ్య చెల్లి చేతులు చూసింది. తన చేతులు చూసుకుంది. తర్వాత గుడ్డ లాక్కుని, ఎండిన అంచుని గోటితో గీకింది. పొడి రాలింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. ఆవిడ మొహంలోంచి ఏదో దిగిపోయింది. ఒళ్ళో ఉన్న పాప పెదవులు తెల్లగా ఉన్నాయని అప్పుడు చూసింది. పొద్దున్నించీ పాప గట్టిగా ఏడవలేదని అప్పుడు గుర్తొచ్చింది.

"ఒరేయ్," అంది. అరవలేదు. ఆవిడ అరవకపోవడం వినే బావ కర్ర వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "బండి తియ్యరా."

ఆసుపత్రిలో డాక్టరమ్మ పాపని బల్ల మీద పడుకోబెట్టి బట్టలన్నీ విప్పింది. కనురెప్పలు తెరిచి చూసింది. నడినెత్తి మీద మెత్తటి చోట వేలు ఆనించి కాసేపు ఉంచింది. పరీక్షకని మడమ దగ్గర సూదితో ఒక చుక్క తీసింది. చుక్క వచ్చింది. దూది అదిమి తీసింది. ఇంకో చుక్క వచ్చింది. మళ్ళీ అదిమింది. మళ్ళీ వచ్చింది. ఆ చిన్న పాదం నుంచి, గట్టిగా కట్టని కుళాయిలోంచి వచ్చినట్టు, ఆగకుండా, తొందర లేకుండా.

"పుట్టగానే తొడకి విటమిన్ కె సూది వేశారా?" అంది డాక్టరమ్మ.

"అన్నీ వేయించామమ్మా," అంది అత్తయ్య వెంటనే. "ఒక్కటీ తగ్గకుండా."

డాక్టరమ్మ అక్క వైపు చూసింది. అక్క తల ఊపింది. "వేశారు," అంది.

డాక్టరమ్మ నుదురు ముడిపడింది. "వేశాక కూడా ఇలా కారుతోందంటే ఇది వేరే జబ్బు. లివరో, పుట్టుకతో వచ్చిన లోపమో. ఇక్కడ మా వల్ల కాదు. ఇంకో సూది వేసి చూస్తాను గానీ, దానికోసం ఆగి కూర్చోలేం. ఇప్పుడే పెద్దాసుపత్రికి బయల్దేరాలి. చాలా దూరం, రోడ్డు కూడా బాగుండదు. తలలో రక్తం దిగి ఉంటే ఆ కుదుపులకి..." అని ఆగిపోయింది. "వేరే దారి లేదు."

బావ జేబులు తడుముకున్నాడు. ఏం వెతుక్కుంటున్నాడో అతనికే తెలియదు. అత్తయ్య గోడ పట్టుకుంది.

చెల్లి అక్కని చూసింది. అక్క కూడా చెల్లినే చూస్తోంది. కళ్ళతోనే వద్దంటోంది. ఊచల్లోంచి చెయ్యి పెట్టి ముక్కు లాగిన అక్క, చిన్నప్పుడు చెల్లి దెబ్బలు కూడా తనే తిన్న అక్క. బల్ల మీద పాప కాలు ఒకసారి కదిలింది. నర్సు దూది మార్చింది.

"వెయ్యలేదు," అంది చెల్లి.

అందరూ తిరిగారు.

"వెయ్యలేదండీ. నర్సమ్మ వస్తే, పాప పడుకుందని, కాసేపాగి రమ్మన్నాం. మళ్ళీ రాలేదు." 'అన్నాం' అంది. 'అక్క అంది' అనలేదు. చేయగలిగిన సాయం అంతే.

అక్క తల దించుకుంది. డాక్టరమ్మ ఎవర్నీ తిట్టలేదు. నర్సుతో ఏదో చెప్పింది. అప్పటికే సూది మందు సీసా విరిచిన చప్పుడు వినిపించింది.

"అయితే ప్రయాణం ఇప్పుడొద్దు. ఇక్కడే చూద్దాం," అంది. తర్వాత, మందు ఎక్కుతుండగా, గోడవైపు తిరిగి ఉన్న అక్కకి చెప్పింది. రక్తం గడ్డకట్టాలంటే ఆ విటమిన్ కావాలి. పుట్టిన పిల్లల ఒంట్లో అది చాలా తక్కువ ఉంటుంది. తల్లిపాలలోనూ తక్కువే. ఎంత ఆరోగ్యంగా పుట్టిన పాపకైనా అంతే. అందుకే ఆ ఒక్క సూది. "మళ్ళీ రాకపోవడం మా వాళ్ళ తప్పు కూడా," అంది చివర.

ఆ చివరి మాట అత్తయ్య వినలేదు. వినదలుచుకోలేదు. ఆవిడ కోడల్నే చూస్తోంది.

చీకటి పడేలోగా మడమ దగ్గర చుక్క ఆగింది. బొడ్డు దగ్గర పెట్టిన దూది తెల్లగానే ఉంది. ఎవరిదో రక్తం తెచ్చి పాపకి ఎక్కించారు. పెదవులకి రంగు వచ్చింది. తల ఫొటో తీసి చూసి, లోపల ఒక పక్క కొంచెం రక్తం దిగిందన్నారు. కొంచెమే అన్నారు. దాని వల్ల ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు. ఎదిగేకొద్దీ చూసుకోవాలి, మెడ నిలిపేటప్పుడు, చెయ్యి చాచేటప్పుడు, నడిచేటప్పుడు. రెండు చేతులూ ఒకేలా ఆడిస్తోందో లేదో గమనిస్తూ ఉండమన్నారు.

కొన్నాళ్ళకి పాపని ఇంటికి తెచ్చుకున్నారు. ఇంట్లో పని మళ్ళీ ఎరుపులోకి వచ్చింది. కానీ లెక్కలు మారాయి. అత్తయ్య పాప ఉయ్యాలని తన గదిలో వేయించుకుంది. పాలివ్వడానికి మాత్రం పాప అక్క దగ్గరికి వెళ్తుంది. పాలయ్యాక తిరిగి వస్తుంది.

"తల్లికి లేని జ్ఞానం ఈ పిల్లకుంది," అనేది అత్తయ్య, వచ్చిన ప్రతివాళ్ళతోనూ, చెల్లి తల మీద చెయ్యి వేసి. "ఇది నోరు విప్పబట్టి దక్కింది పిల్ల. ఆవిడగారు చూడు, కన్న కూతురి ప్రాణం పోతున్నా అబద్ధమే ఆడింది." అక్కకి వినపడేలానే అనేది. బావ ఇప్పుడు రేడియో అని పిలవడం లేదు. పేరు పెట్టి పిలుస్తున్నాడు. అక్కని మాత్రం ఏమనీ పిలవడం లేదు.

ఒకరోజు చెల్లి ధైర్యం చేసింది. "అత్తయ్యా, ఆ మరకని అందరం రంగే అనుకున్నాం కదా. మీరూ, నేనూ. అక్క ఒక్కత్తే కాదు కదా."

"నువ్వు చిన్నపిల్లవి. నీకు తెలియదు," అంది అత్తయ్య, ప్రేమగానే. తన పెట్టెలోంచి సబ్బు బిళ్ళ తీసి చెల్లి చేతిలో పెట్టింది. "చేతులు కడుక్కుని పిల్లని ఎత్తుకో. నువ్వైతే నాకు భయం లేదు. పాలకి తీసుకెళ్ళు."

చెల్లి చేతులు కడుక్కుంది. పాపని ఎత్తుకుంది. పాప ఎడమ పిడికిలి గట్టిగా మూసుకుని ఉంది. కుడి చెయ్యి మాత్రం గాలిలో ఆడుతోంది. చిన్న పిల్లలందరూ అలాగే చేస్తారేమో. చెల్లికి తెలియదు. వసారా దాటి అక్క గది దాకా వచ్చి, మోచేత్తో తలుపు తోసింది.

అక్క మంచం మీంచి లేచి గుమ్మం దాకా ఎదురొచ్చింది. జుట్టు దువ్వుకోలేదు. రవిక ముందు భాగం పాలతో తడిసి ఉంది. రెండు చేతులూ చాచి పాపని అందుకుంది. ముందు బొడ్డు చూసింది. తర్వాత ముక్కు చూసింది. తర్వాత మూసుకున్న ఆ పిడికిలిని తన వేలితో మెల్లగా విప్పబోయి, ఆపేసింది.

"అక్కా," అంది చెల్లి.

అక్క తల ఎత్తలేదు.

"నేను చెప్పకపోతే పాపని ఆ రోడ్డు మీద పెద్దాసుపత్రికి..."

"తెలుసు. మంచి పనే చేశావు," అంది అక్క. గొంతులో కోపం లేదు. కోపముంటే చెల్లికి కాస్త బాగుండేది. "అందరూ అదేగా అంటున్నారు."

"నువ్వేమంటావు?"

పాప పాల వాసన పట్టి తల అటూ ఇటూ తిప్పుతోంది. అక్క పాపని గుండెకి ఆనించుకుని, ఖాళీ చేత్తో తలుపు రెక్క పట్టుకుంది.

"పాలయ్యాక కబురు చేస్తాను. పాప కోసం అత్తయ్యని పంపు," అంది. "నువ్వు రాకు."

చెల్లి మొహం మీద తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.